మొదటి రోజు చేయని పరీక్ష

(గజ్వేల్ పక్కన పునరావాస కాలనీలో, మునిగిపోయిన వేములఘాట్ జ్ఞాపకార్థం జరిగిన సభలో ఒక రిటైర్డ్ టీబీ ల్యాబ్ సూపర్‌వైజర్ చేసిన ప్రసంగానికి అచ్చు పాఠం)

 

స్మారకోపన్యాసమంటే వేదిక మీద ఒక ఫొటో ఉంటుంది, దానికో దండ ఉంటుంది. ఇక్కడ ఫ్లెక్సీ మీద ఊరి పేరొక్కటే ఉంది. పోయింది మనిషి కాదు, ఊరు. తొగుట మండలంలోని మన వేములఘాట్ ఇవాళ మల్లన్నసాగర్ నీళ్ళ కింద ఉంది. 50 టీఎంసీల జలాశయమని కాగితాల్లో రాస్తారు. 2016లో మనవాళ్ళు టెంటు వేసి రిలే దీక్షకు కూర్చుంటే అది ఏడాది దాటి సాగింది. భూములు తీసుకోవడానికి తెచ్చిన 123 జీవో, 2013 భూసేకరణ చట్టం, హైకోర్టు, పోలీసు పికెట్లు అన్నీ చూశాం. 2021లో ఊళ్ళు ఖాళీ అయ్యాయి. 2022 ఫిబ్రవరి 23న జలాశయం ప్రారంభమైంది. ఆ కథను నాకన్నా బాగా చెప్పగలవాళ్ళు ఈ పందిట్లోనే ఉన్నారు. నన్ను పిలిచినవాళ్ళు మాత్రం, "నీకు తెలిసిన పని గురించి మాట్లాడు" అన్నారు. నాకు తెలిసిన పని తెమడ పరీక్ష.

కొందరు మొహం చిట్లించారు. ఊరి పేరు మీద పెట్టిన సభలో తెమడ సంగతేమిటని. నిజమే, ఇది సభల్లో పలికే మాట కాదు. కానీ పరిహారం లెక్కలు రాసినప్పుడు ఇల్లు రాశారు, చెట్టు రాశారు, బోరు రాశారు. దవాఖానకు పోయిన తొవ్వ ఖర్చు, పోయిన కైకిలి ఏ లెక్కలోనూ రావు. ఊళ్ళో ఉన్నప్పుడూ రాలేదు, ఇక్కడికి వచ్చాకా రాలేదు. నేను ఈ పూట మాట్లాడేది ఆ లెక్క గురించే.

టీబీ పరీక్ష సర్కారు దవాఖానలో ఉచితం. ఇవాళ కొత్తగా చేసింది కాదు. 1997లో సవరించిన జాతీయ క్షయ నివారణ కార్యక్రమం మొదలైనప్పటి నుంచీ తెమడ పరీక్షకు పైసా అడిగింది లేదు. మందులూ అంతే. పైగా 2018 ఏప్రిల్ నుంచి నిక్షయ్ పోషణ యోజన కింద రోగి ఖాతాలో నెలకు 500 రూపాయలు వేశారు, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. మరి ఉచితంగా ఉన్న పరీక్షను ఇంకా చవక చేయడమేమిటని మీరు అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు నా టేబుల్ మీదకే ఒకసారి వచ్చింది.

పదిహేనేళ్ళ పైమాట. దుబ్బాక వైపు నుంచి ఒకామె వచ్చింది, బీడీలు చేసే మనిషి. భర్తకు దగ్గు, సాయంత్రం పూట జ్వరం, ఒళ్ళు సగమైంది. డబ్బీ ఇస్తే ఆయన బయట చెట్టు కిందికి పోయి తెమడ తీస్తున్నాడు. ఈమె తన చేతిలోని ప్లాస్టిక్ కవరు నా టేబుల్ మీద బోర్లించింది. దగ్గు సిరప్ చీటీలు, ఆరెంపీ డాక్టర్ రాసిచ్చిన ఇంజెక్షన్ల కాగితం, రెండు ఎక్స్‌రేలు, ఒక స్కానింగ్ రిపోర్టు. వాటి మధ్య నిగనిగలాడే కాగితం మీద రక్తపరీక్ష రిపోర్టు కూడా ఉంది. టీబీ ఐజీజీ, ఐజీఎమ్. ఫలితం నెగెటివ్. "ఇన్ని పరీక్షలైనయి సారూ, ఇంకేం పరీక్ష చేస్తరు? కాళ్ళ కడాలు కూడ కుదువ వెట్టిన" అన్నది. ఆమె కవరులో లేని కాగితం ఒక్కటే, తెమడ పరీక్ష రిపోర్టు. అది ఆ మర్నాటికి వచ్చింది. మూడు ప్లస్సులు. అంటే మైక్రోస్కోపులో కనబడే ఒక్కో ఫీల్డులో పదికి పైగా క్రిములు. వాటిని లెక్కపెట్టడానికి నాకు పెద్ద చదువు కూడా అక్కర్లేదు.

ఆ కవరులో ఉన్నదంతా ఖర్చే. ఖర్చు లేనిది దాంట్లో లేనే లేదు. ఉచిత పరీక్ష ఆఖరున వస్తే అది ఉచితం కాదు. అంతకు ముందు జరిగినవన్నీ దాని ధరలో కలుస్తాయి.

ఇది ఒక్కామె గోస కాదు. మనదేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసి 2014లో ఒక సమీక్ష వచ్చింది. దగ్గు మొదలైన నాటి నుంచి మందు మొదలయ్యేదాకా మధ్యస్థంగా 55 రోజులు పడుతోందని, ఈలోగా రోగి సగటున ముగ్గురికి దగ్గరగా వైద్యుల్ని చూసొస్తున్నాడని తేలింది. అందులో రోగి తనంతట తాను చేసే ఆలస్యం కన్నా, ఏదో ఒక దవాఖాన మెట్టెక్కిన తర్వాత జరిగే ఆలస్యమే ఎక్కువ. ఆ రోజుల్లో కైకిలి పోతుంది, ఇంట్లో చంటిపిల్లకు జబ్బు తగులుతుంది. ఏడాది ఆదాయంలో ఐదో వంతుకు మించి జబ్బుకే పోతే దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వనాశనపు ఖర్చు కింద లెక్కేస్తుంది. కడియాలు కుదువ పెట్టిన మనిషికి ఆ పేరు తెలియాల్సిన పని లేదు.

ఇది కొత్త సంగతీ కాదు. 1963లో బనర్జీ, ఆండర్సన్ అనే ఇద్దరు కర్ణాటకలోని తుమకూరు పల్లెల్లో తిరిగి చూశారు. జబ్బున్నవాళ్ళలో దాదాపు సగం మంది అప్పటికే సర్కారు దవాఖానకు పోయి వచ్చారట. అక్కడ వాళ్ళకు దక్కింది దగ్గు మందు సీసా. రోగి తెలివితక్కువవాడు, దవాఖానకు రాడు అని మా శాఖలో వినీ వినీ చెవులు దిబ్బడేశాయి. ఆయన వచ్చాడు. వచ్చినవాడికి సీసా ఇచ్చి పంపింది మనమే.

అంతకు ముందు జబ్బును దూరంగా పెట్టడమే వైద్యం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో మిషనరీలు శానటోరియం తెరిచారు, డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోల్లర్ దాని తొలి వైద్యుడు. మన వైపు వికారాబాద్ అనంతగిరి గుట్టల మీద ఇంకొకటి. మంచి గాలి, గుడ్లు, పాలు, నెలల తరబడి మంచం. ఎవరికి అందుతుంది? 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం, ఇంట్లోనే ఉండి మందు మింగినా శానటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని తేల్చింది. ఆ ఒక్క మాటతో వైద్యం చవకైంది. పరీక్ష మాత్రం అలా ఇంటిదాకా రాలేదు. జబ్బును దూరంగా పెట్టే బుద్ధీ పోలేదు. ఇప్పటికీ మన దగ్గర ఎవరినైనా "ఎర్రగడ్డకు తీస్కపోయిన్రు" అంటే వినేవాళ్ళు గొంతు తగ్గిస్తారు. అక్కడ ఛాతీ దవాఖానా ఉంది, పిచ్చి దవాఖానా ఉంది. ఏదైనా ఒకటే అన్నట్టు.

ఇక ఆ రక్తపరీక్ష సంగతి. నా సర్వీసులో నాకు ఎక్కువ కోపం తెప్పించింది అదే. రక్తంలో క్రిమికి వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీలను చూసే పరీక్ష. చూడటానికి శాస్త్రీయంగా ఉంటుంది, రోగి తెమడ తీయాల్సిన చీదర లేదు, ఏ చిన్న ల్యాబులోనైనా చేయొచ్చు, రాసిన డాక్టరుకు కమీషనూ వస్తుంది. ఒకే ఒక్క లోపం, అది జబ్బును చెప్పదు. మన దేశంలో జబ్బు లేని చాలామంది ఒంటికి కూడా టీబీ క్రిమితో ఎప్పుడో ఒకప్పుడు పరిచయం అయి ఉంటుంది. జబ్బు లేనివాడికి ఉందని, ఉన్నవాడికి లేదని చెబుతుంది. అలాంటివి దేశంలో ఏటా 15 లక్షలు చేస్తున్నారని, దానికి జనం పెట్టే ఖర్చు కోటిన్నర డాలర్లని అంచనాలు వచ్చాయి. 2011 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, టీబీకి ఈ పరీక్ష వాడొద్దని తేల్చి చెప్పింది. ఒక పరీక్షను "వాడండి" అని కాక "వాడొద్దు" అని టీబీ విషయంలో ఆ సంస్థ సలహా ఇవ్వడం అదే మొదలు. 2012 జూన్‌లో మన కేంద్ర ప్రభుత్వం దాన్ని నిషేధించింది. దానికి నెల ముందే, మే నెలలో, టీబీ రోగి కనబడితే ప్రైవేటు వాళ్ళైనా సర్కారుకు తెలపాల్సిందేనని ఉత్తర్వు ఇచ్చింది.

పరీక్షను చవక చేయాలంటే మొదట పనికిరాని పరీక్ష ఆపాలి. రక్తపరీక్ష మీద పెట్టిన ఆ ఒక్క నిషేధం మిగిల్చిన డబ్బు ఏ కొత్త మెషీనూ మిగల్చలేదని నా నమ్మకం. లెక్క చూపించమంటే చూపించలేను. రోగులు తెచ్చే కవర్లు మాత్రం నా కళ్ళ ముందే తేలికయ్యాయి.

ఇప్పుడు మా పని ఎట్లా ఉంటుందో కాస్త చెప్తాను. వినడానికి ఇబ్బందిగా ఉన్నవాళ్ళు చెవులు మూసుకోండి, భోజనాల టైము ఇంకా కాలేదు.

డబ్బీ మూత తీస్తే లోపల ఉన్నదంతా పనికి వచ్చేది కాదు. ఉమ్మి వేరు, తెమడ వేరు. పసుపు పచ్చగా, చిక్కగా ఉన్న ముద్దను చూసుకుని, విరిచిన చీపురు పుల్లతో తీసి గాజు స్లైడు మీద రెండు సెంటీమీటర్లు మూడు సెంటీమీటర్ల మేర కోలగా పరచాలి. ఆ పుల్లే మా అతి చవకైన పరికరం, ఒక్కసారి వాడి పారేస్తాం. స్లైడు ఆరాక మంట మీదుగా పోనిచ్చి, కార్బాల్ ఫుక్సిన్ అనే ఎర్ర రంగు పోసి, కింద నుంచి ఆవిరి లేచేదాకా వేడి చేస్తాం. తర్వాత 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్. మిగతా అన్నిటి రంగూ పోతుంది, టీబీ క్రిమి మైనపు తోలు ఎర్రరంగును వదలదు. చివరికి నీలం. కంటికి నీలం మైదానంలో ఎర్రటి సన్న పుల్లలు కనబడతాయి. జీల్, నీల్సన్ అనే జర్మన్ల పేరు మీద ఉన్న పద్ధతి. రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో క్రిమిని చూపించాక కొద్దికాలానికే వచ్చింది, నేను ఉద్యోగంలో చేరేనాటికి నూరేళ్ళ పాతది. రంగు, స్లైడు ఖర్చు కలిపితే ఒక చాయ ఖర్చుకు అటూ ఇటూ.

చవకే, కానీ కన్ను చిన్నది. ఒక మిల్లీలీటరు తెమడలో కనీసం 5 వేల నుంచి 10 వేల క్రిములుంటేనే మైక్రోస్కోపులో దొరుకుతాయి. జబ్బు ముదరకముందు వచ్చినవాడు, పిల్లలు, హెచ్ఐవీ ఉన్నవాళ్ళు తప్పిపోతారు. మందుకు లొంగని క్రిమా, లొంగేదా అన్నది అసలే చెప్పదు. పైగా నెగెటివ్ అని రాయాలంటే 100 ఫీల్డులు చూడాలి. రోజుకు 20, 25 స్లైడులు దాటితే కళ్ళు మొరాయిస్తాయి. ఆ సాయంత్రం ల్యాబ్ టెక్నీషియన్ రాసే నెగెటివ్‌ను నేనైతే గట్టిగా నమ్మను. దీనికి పరిష్కారంగా కల్చర్ ఉంది. గుడ్డు సొనతో చేసిన పచ్చటి మాధ్యమం మీద క్రిమిని పెంచాలి. గొప్ప పరీక్షే, కానీ ఆరు నుంచి ఎనిమిది వారాలు. మనిషి ఆగడు, క్రిమి ఆగదు.

అందుకే క్రిమి జన్యువును పట్టుకునే పరీక్ష వచ్చినప్పుడు మేం సంబరపడ్డాం. 2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ జీన్‌ఎక్స్‌పర్ట్‌ను ఒప్పుకుంది. మనవాళ్ళు దాన్ని సీబీనాట్ అంటారు. తెమడను రసాయనంతో కలిపి కార్ట్రిడ్జ్‌లో పోసి మెషీన్‌లో పెడితే రెండు గంటల్లో టీబీ ఉందా, రిఫాంపిసిన్ అనే మందుకు లొంగుతుందా రెండూ చెబుతుంది. మైక్రోస్కోపుకు వేలల్లో క్రిములు కావాలి, దీనికి నూట ముప్పై చాలు. అయితే నాలుగు గదుల మెషీన్ రాయితీ ధరే 17 వేల డాలర్లు. గది చల్లగా ఉండాలి, కరెంటు పోకూడదు. మే నెలలో సిద్దిపేట ఎండకు మెషీన్‌కు ఏసీ పెట్టి, రోగిని బయట రేకుల షెడ్డు కింద కూర్చోబెట్టడం చూశాను. మెషీన్ పాడైతే ఎవరి జీతమూ చాలదు, అందుకని.

అసలు ఖర్చు మెషీన్ కాదు, కార్ట్రిడ్జ్. ఆ మెషీన్‌లో దాన్ని తయారుచేసిన కంపెనీ కార్ట్రిడ్జ్ తప్ప ఇంకోటి పట్టదు. గొడ్డును అమ్మినోడు, మేత కూడా జన్మంతా నా దగ్గరే కొనాలె అన్నట్టు. 2012 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ సంస్థలు, యునిటెయిడ్, గేట్స్ ఫౌండేషన్ కలిసి డబ్బు కడితే, ధర 16.86 డాలర్ల నుంచి 9.98కి దిగింది. అది కూడా పేద, మధ్యాదాయ దేశాల సర్కారు కార్యక్రమాలకే. తర్వాత పదకొండేళ్ళు ఆ ధర కదల్లేదు. ఆ పరీక్ష తయారీ వెనక ప్రజల పన్నుల డబ్బు 25 కోట్ల డాలర్లకు పైగా ఉందని, పెద్ద మొత్తంలో చేస్తే కార్ట్రిడ్జ్ తయారీ ఖర్చు 5 డాలర్లు కూడా కాదని లెక్కలు బయటికి వచ్చాయి. ఎం.ఎస్.ఎఫ్. అనే వైద్యుల సంస్థ 5 డాలర్లకు ఇవ్వమని 2019 నుంచి ఉద్యమం నడిపింది. 2023 సెప్టెంబరులో కంపెనీ దిగివచ్చి 7.97 డాలర్లు చేసింది. పత్రికలన్నీ 20 శాతం తగ్గిందని రాశాయి.

నేను కాగితం, పెన్సిలూ తీసుకున్నాను. 2012లో డాలరు దాదాపు 55 రూపాయలు. 9.98 డాలర్లంటే 550. 2023లో డాలరు 83. 7.97 డాలర్లంటే 660. డాలర్లలో తగ్గిన ధర మన రూపాయల్లో పెరిగింది. ధర తగ్గించామని చెప్పినప్పుడు ఏ డబ్బులో తగ్గించారని అడగాలి.

ప్రైవేటు ల్యాబులో ఇదే పరీక్ష అప్పట్లో వేలల్లో ఉండేది. అక్కడే మన దేశంలో ఒక మంచి ఏర్పాటు జరిగింది. 2013లో ఐపాక్ట్ పేరుతో ప్రైవేటు ల్యాబులు ఒక జట్టు కట్టాయి. మీకు సర్కారుకిచ్చే ధరకు దగ్గరగా కార్ట్రిడ్జ్‌లు ఇప్పిస్తాం, బదులుగా రోగి దగ్గర 2 వేల రూపాయలకు మించి తీసుకోకూడదు, తేలిన ప్రతి కేసునూ సర్కారుకు తెలపాలి, ఆ పనికిమాలిన రక్తపరీక్ష మళ్ళీ చేయకూడదు. షరతులు ఇవి. వ్యాపారస్తుడితో బేరం ఆడితే ఎట్లా ఆడాలో దీన్ని చూసి నేర్చుకోవచ్చు. కానీ 2 వేలంటే మన కాలనీలో ఇప్పుడు కూడా ఎన్ని రోజుల కైకిలి? బేరం మంచిదే, అందేది మాత్రం పట్నంలో ఉన్నవాడికే.

మన హైదరాబాద్‌లో అంతకన్నా ముందే ఇంకో తొవ్వ పడింది. 1995లో మహావీర్ ట్రస్టు దవాఖాన వాళ్ళు చుట్టుపక్కల ప్రైవేటు డాక్టర్లను కలిసి, అనుమానం ఉన్న రోగిని మాకు పంపండి, పరీక్ష, మందు ఉచితం, రోగి మాత్రం మీ రోగే అన్నారు. రోగి చేజారతాడన్న భయం పోయాక డాక్టర్లు పంపారు. ప్రైవేటు, సర్కారు కలిసి టీబీ మీద పనిచేయొచ్చని దేశానికి మొదట్లోనే చూపిన అనుభవాల్లో అది ఒకటి. ఇదంతా ధర తగ్గించే పనే. ఎవరూ కార్ట్రిడ్జ్ ముట్టుకోలేదు, డాక్టరు భయం తీశారు, అంతే.

తర్వాత ట్రూనాట్ వచ్చింది. బెంగళూరులో బిగ్‌టెక్ ల్యాబ్‌లో పుట్టి, గోవాలో మోల్‌బయో తయారుచేసే చిన్న మెషీన్. బ్యాటరీ మీద నడుస్తుంది, ఏసీ అక్కర్లేదు. తెమడలోంచి డీఎన్‌ఏను ఒక పెట్టె తీస్తే, వేలెడంత చిప్పు మీద ఇంకో పెట్టె చదువుతుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఒప్పుకుంది. తెలంగాణలో పి.హెచ్.సి. స్థాయికి దిగగలిగిన మొదటి జన్యు పరీక్ష ఇదే. నేను రిటైరయ్యే ముందు ఒక మండల కేంద్రంలో కరెంటు లేని మధ్యాహ్నం ఇది పనిచేస్తుంటే చూశాను. టెక్నీషియన్ పిల్ల వయసు మా మనవరాలిది. నేను చీపురు పుల్ల విరిచే కథ చెబితే నవ్వింది.

ఆ 2020లోనే కోవిడ్ వచ్చి ఆ మెషీన్లను ఎత్తుకుపోయింది. టీబీ కోసం కొన్న ట్రూనాట్‌లు, సీబీనాట్‌లు కరోనా పరీక్షలకు తిరిగాయి. 2019లో దేశంలో 24 లక్షల మంది టీబీ రోగులు నమోదైతే, 2020లో 18 లక్షలే. జబ్బు తగ్గలేదు, చూసేవాడు లేడు. కానీ కోవిడ్ ఇంకో సంగతి కూడా చూపించింది. 2020 మార్చిలో ప్రైవేటు ఆర్టీపీసీఆర్‌కు 4,500 రూపాయల గరిష్ఠ ధర పెట్టారు. జూన్‌కు తెలంగాణ 2,200 అన్నది. ఏడాది తిరక్కముందే వెయ్యి లోపుకు వచ్చింది. ఏం మారింది? వాడే రసాయనాలు దేశంలో పది కంపెనీలు చేయడం మొదలుపెట్టాయి, ఏ కిట్ అయినా ఏ మెషీన్‌లోనైనా నడిచింది, లక్షల్లో పరీక్షలు జరిగాయి, సర్కారు ధర కట్టి పెట్టింది. పట్నం వాళ్ళకు ప్రాణభయం పుట్టగానే ఇదంతా నెలల్లో జరిగింది. టీబీ కూడా జన్యు పరీక్షే. దాని ధర దిగడానికి పదేళ్ళు ఎందుకు పట్టాలి? జవాబు మీకూ తెలుసు, నాకూ తెలుసు, వేరే మాట్లాడను.

కోవిడ్ నాటి ఆ పీసీఆర్ మెషీన్లు జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీద నడిచే టీబీ కిట్ ఒకటి మన హైదరాబాద్‌లోనే తయారైంది. హ్యూవెల్ లైఫ్‌సైన్సెస్ చేసిన ఆ కిట్‌ను 2025లో ఐసీఎంఆర్ పరీక్షించి సరేనన్నది. ఒక్కసారి 96 నమూనాలు పెట్టొచ్చు, ఖర్చు ఐదో వంతు దాకా తగ్గుతుందన్నారు. నాకు ఆ ఐదో వంతు కన్నా అందులో నచ్చింది, ఏ కంపెనీ మెషీన్‌లోనైనా నడుస్తుందన్న మాట. మేతకు తాళం తీసినట్టే. అదే సంస్థ నాలుక మీద పుల్లతో తీసిన నమూనాతో చేసే పరీక్ష మీద కూడా పనిచేసింది. తెమడ తీయలేని పిల్లలకు, ముసలివాళ్ళకు అది వరమే అవుతుంది.

అయితే 96 నమూనాలు పెట్టే మెషీన్‌కు 96 నమూనాలు చేరాలి. రెండే వస్తే ఆ చవక మళ్ళీ ఖరీదే. చిన్న మెషీన్ రోగి దగ్గరకు వస్తుంది, పెద్ద మెషీన్ చవకగా చేస్తుంది. రెండిటి మధ్య నడవాల్సింది ఒక్కటే, తెమడ డబ్బీ. మనిషి నడవొద్దు, డబ్బీ నడవాలి. మా శాఖలో నేను మొత్తుకున్నది ఇంతే. ఇది అసాధ్యమేమీ కాదు. 2018లో హైదరాబాద్ నారాయణగూడలో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2021 జూన్‌లో సిద్దిపేటతో కలిపి 19 జిల్లాల్లో కేంద్రాలు తెరిచింది. పి.హెచ్.సి.లో తీసిన రక్తం బండెక్కి జిల్లాకు పోతుంది, ఫలితం ఫోనుకు వస్తుంది. షుగరు పరీక్షకు నడిచే బండి తెమడకు ఎందుకు నడవదు? మూడు పొరల ప్యాకింగ్, చల్లటి పెట్టె, తెలిసిన మనిషి ఉంటే చాలు. దేశంలో తపాలా బంట్రోతుల చేత తెమడ పంపిన ప్రయోగాలు కూడా జరిగాయి.

ఇంకో మాట ఎక్స్‌రే గురించి. నేను ల్యాబ్ మనిషిని, ఎక్స్‌రేను పొగడడం నాకు కొంచెం కష్టం. కానీ 2019 నుంచి 2021 దాకా దేశమంతా జరిపిన జాతీయ సర్వేలో బయటపడ్డ రోగుల్లో 42.6 శాతం మందిని ఎక్స్‌రే లేకపోతే కనిపెట్టలేకపోయేవాళ్ళు. వాళ్ళకు దగ్గు లేదు, జ్వరం లేదు. అదే సర్వేలో లక్షణాలున్నవాళ్ళలో 64 శాతం మంది దవాఖాన మొహం చూడలేదు. చేతిలో పట్టుకుని తీసే ఎక్స్‌రే మెషీన్లు, బొమ్మను చదివే కంప్యూటర్ ప్రోగ్రాములు ఇప్పుడు శిబిరాలకు వస్తున్నాయి. ఎక్స్‌రేలో మచ్చ ఉన్నవాడికే కార్ట్రిడ్జ్ వాడితే కార్ట్రిడ్జ్‌లు మిగులుతాయి, ఎక్కువమంది బయటపడతారు. అంతేగానీ ఎక్స్‌రే ఒక్కటే చూసి ఆర్నెల్ల మందు రాసే డాక్టరు దగ్గరికి మాత్రం పోకండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2015లో మన దేశంలో లక్ష మందికి 237 మంది ఏటా టీబీ పాలయ్యేవారు, 2024లో 187. తగ్గింది, కాదనను. అయినా ప్రపంచంలోని టీబీ రోగుల్లో నలుగురిలో ఒకరు ఇప్పటికీ మనవాళ్ళే. 2025కల్లా పూర్తిగా పోగొడతామని గోడల మీద రాసుకున్నాం. గోడల మీద ఇంకా అట్లనే ఉంది.

ఇక మన కాలనీ సంగతి. వేములఘాట్‌లో ఉన్నప్పుడు తెమడ పరీక్షకు పోవాలంటే ఒక పూట బస్సు కోసమే పోయేది. ఇప్పుడు గజ్వేల్ పెద్ద దవాఖాన ఆటో దూరం. ఊరు పోయింది, దవాఖాన దగ్గరైంది, దీన్ని లాభమని ఎవరైనా అంటే వాళ్ళతో నేను మాట్లాడను. కానీ దగ్గరైన మాట నిజం. అయితే అప్పుడు చేను ఉండేది, ఒక రోజు పోకపోతే చేను అలగదు. ఇప్పుడు చాలామందికి రోజు కైకిలే ఆధారం, ఒక రోజు పోకపోతే మేస్త్రీ ఇంకొకణ్ని పెట్టుకుంటాడు. దూరం తగ్గింది, రోజు ఖరీదు పెరిగింది. అందుకే పొద్దున పదింటికి తెరిచి మధ్యాహ్నానికి మూసే ల్యాబ్ ఇక్కడి మనిషికి ఇంకా దూరమే. కైకిలికి పోయేముందు, పొద్దున ఆరింటికి డబ్బీ తీసుకునే మనిషి కాలనీలోనే ఉండాలి. దీనికి మెషీన్ కొనాల్సిన పని లేదు, జీవో తేవాల్సిన పని లేదు. ఇద్దరు ఆశా అక్కలు, ఒక చల్లటి పెట్టె.

ఆరెంపీ అన్నలు ఇక్కడ ఎవరైనా ఉంటే ఒక మాట. మిమ్మల్ని తిట్టడానికి రాలేదు. జనం మొదట వచ్చేది మీ దగ్గరికే, రేపూ అంతే. రెండు వారాలు దాటిన దగ్గుకు మూడో సిరప్ రాసే బదులు డబ్బీ ఇవ్వండి. మీరు పంపిన మనిషికి టీబీ తేలితే సమాచారమిచ్చినందుకు మీ ఖాతాలో 500 రూపాయలు పడతాయి, ఆ స్కీము ఉంది, అడిగి తీసుకోండి. బీడీలు చేసే అక్కలకు ఇంకో మాట. పొగాకు దుమ్ముకు దగ్గు వస్తుందన్నది నిజమే. కానీ ఏది దుమ్ము దగ్గో, ఏది కాదో మీకు తెలియదు, నాకూ తెలియదు, డబ్బీకే తెలుస్తుంది.

నా మాటలు అయిపోయాయి. గేటు దగ్గర బల్ల మీద డబ్బీలు పెట్టారు. రెండు వారాలకు పైగా దగ్గున్నవాళ్ళు, సాయంత్రం జ్వరం వస్తున్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా టీబీ మందు నడుస్తున్నవాళ్ళు ఒక్కోటి తీసుకుపోండి. రేపు పొద్దున లేవగానే పుక్కిలించి, ఇంటి బయట గాలి ఉన్నచోట నిలబడి, రెండుసార్లు గట్టిగా గాలి పీల్చి, లోపలి నుంచి దగ్గి తీయండి. నోట్లో ఊరే ఉమ్మి మాకు పనికిరాదు. పేరు, ఫోను నంబరు డబ్బీ పక్కన రాయండి, మూత మీద వద్దు. ల్యాబులో మూతలన్నీ ఒక్కచోట పెడతారు, మీ మూత పక్కవాళ్ళ డబ్బీ మీదికి పోతే మీ జబ్బు వాళ్ళకు రాస్తారు.